సెంట్రింగు పనికెళ్లే తమ్ముడూ, ఈ వేసవి చదువు నీది కూడా

పరీక్షలు అయిపోయి మే నెల మొదలయ్యేసరికి నౌపడ స్టేషన్లో, పలాస స్టేషన్లో సంచులు పట్టుకుని కుర్రాళ్లు కనపడతారు. ఇంటరు రాసినోళ్లు, డిగ్రీ మధ్యలో ఉన్నోళ్లు. ఎక్కడికిరా అంటే హైదరాబాదు, విజయవాడ, చెన్నై అంటారు. ఏటి పని అంటే సెంట్రింగు, రాడ్ బెండింగు, టైల్సు. రెండు నెలలు ఒళ్లు వంచితే వచ్చే ఏడాది ఫీజుకి సరిపోతాది. మనూళ్లల్లో వేసవి సెలవులంటే ఇదే.

అదే రెండు నెలల్లో డబ్బున్న ఇళ్ల పిల్లలు ఇంకో రకం ప్రయాణం చేస్తారు. దాన్ని 'వేసవి అధ్యయన కోర్సు' అంటారు. పర్షియన్ కట్టడాలు, పాత నగరాల్లో జనం బతుకు, సంప్రదాయ చేతిపనులు, ఈ మూడూ కలిపి నేర్పే కోర్సులున్నాయి. పొద్దున్న పాఠం, మధ్యాహ్నం పాత బజారు, సాయంత్రం ఒక పనివాడి పక్కన కూకుని అతని చెయ్యి ఎలగ కదులుతోందో చూడడం. ఇలాంటి ఒక కోర్సు ప్రకటన నాకు ఎవరో పంపినారు. ఫీజు చూస్తే మనవైపు కూలీ నాలుగు నెలలు పని చేసినా తీరేది కాదు.

నేను పెద్ద చదువులు చదివినోణ్ని కాదు. గ్రంథాలయంలోనూ, సంఘం ఆఫీసు బల్ల మీదా దొరికినవి చదువుకున్నాను. ఆ చదివినదాన్నిబట్టి ఒక మాట చెప్తన్నాను. గోడ కట్టడం, ఊరు కట్టడం, చేత్తో సరుకు చేయడం, వీటి గురించిన చదువు అందరికన్నా ముందు ఆ పని చేసేవాళ్లకి దక్కాలి. అంటే మనకి. ఇందులో పర్షియా సంగతి కూడా మనకి పరాయిది కాదు. ఎలగో వరసగా చెప్తాను.

ఎడారిలో గాలి పట్టే గోపురం

పర్షియా అంటే ఇవాళ్టి ఇరాన్. 1935 నుంచి బయటి దేశాలు కూడా ఇరాన్ అనే రాస్తన్నాయి. ఆ దేశం మధ్యలో ఎడారి, దాని ఒడ్డున యజ్ద్ అనే పాత నగరం ఉంది. ఎండలు మన రోహిణి కార్తెని మించిపోతాయి. కరెంటు లేని రోజుల్లో అక్కడివాళ్లు ఎలగ బతికినారు?

ఇంటి మీద పొడుగ్గా ఒక గాలి గోపురం కట్టినారు. దాని పేరు బాద్‌గీర్. బాద్ అంటే గాలి, గీర్ అంటే పట్టేది. పైన వీచే గాలిని నిలువు సందుల్లో పట్టి కింద గదిలోకి దింపుతాది. గాలి లేని వేళ గదిలోని వేడిగాలి అదే దారిన పైకి ఎగిరిపోతాది. కింద నీళ్లు ఉంటే ఆ గాలి ఇంకా చల్లబడతాది. యజ్ద్‌లో దౌలతాబాద్ తోటలో ఉన్న బాద్‌గీర్ ఎత్తు దాదాపు 33 మీటర్లు, అంటే పదంతస్తుల మేడంత.

నీళ్లు ఎక్కడివి? కొండ మొదట్లో భూమిలోపలి ఊట దగ్గర నుంచి ఊరిదాకా, కొంచెం కొంచెం వాలుగా ఒక సొరంగం తవ్వేవాళ్లు. దాన్ని ఖనాత్ అంటారు. మధ్యమధ్యలో మట్టి తీయడానికీ గాలి ఆడడానికీ నిలువు బావులు. మోటారు లేదు, ఏతం లేదు, వాలు మీదే నీరు నడిచి వస్తాది. ఎండకి ఆవిరి కాదు. ఇదే పద్ధతి మన పక్కన బీదరులో బహమనీల కాలంలో తవ్వినారు. అక్కడ దాన్ని కారేజ్ అంటారు.

ఇల్లు చూడండి. మధ్యలో ఆకాశం కనపడే ముంగిలి, అందులో నీళ్ల తొట్టె, చుట్టూ గదులు, వీధివైపు పెద్దగా కిటికీలు లేని మందపాటి మట్టి గోడ. మన మండువా ఇళ్లు గుర్తొస్తన్నాయా? మన తాటాకిళ్ల మట్టిగోడలు గుర్తొస్తన్నాయా? ఒకర్ని చూసి ఒకరు కట్టినారని నేను అనడం లేదు. ఎండని తట్టుకోవాలంటే ఏటి చెయ్యాలో ఎవరి నేల మీద వాళ్లు బుర్రపెట్టి తెలుసుకున్నారు. కోర్సులో నేర్పే మొదటి సంగతి ఇదే: ఒక ఇంటిని చూసి, అది ఏ కష్టానికి జవాబుగా కట్టినారో చెప్పగలగడం. ఈ కన్ను వచ్చిందంటే మీ తాత ఇల్లు కూడా పాఠమే అవుతాది.

మన పట్టా కాగితంలో పార్శీ మాటలు

'ఎక్కడి పర్షియా, ఎక్కడి నౌపడ' అంటారేమో. మీ ఇంట్లో ఉన్న భూమి కాగితం తియ్యండి. అసలు ఆ 'కాగితం' అన్న మాటే పార్శీ 'కాగజ్' నుంచి వచ్చింది. దస్తావేజు, జమీందారు, గుమాస్తా, సర్కారు, ఇవన్నీ పార్శీ మాటలే. దర్వాజా, బజారు, రుమాలు, పరదా, శాలువా, జరీ కూడా అక్కడివే. తాపీ పనిలో మనం 'కమాను' అంటాం కదా, అది పార్శీలో విల్లు. వంగిన విల్లులా ఉంటాదని ఆ పేరు. గుమ్మటం అక్కడి 'గుంబద్'. మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. పార్శీలో బందర్ అంటే ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉంది, మనకి ఉత్త బందరు ఉంది.

ఇవన్నీ ఎలగొచ్చినాయి? గోల్కొండ రాజ్యాన్ని 1518లో మొదలెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. కుతుబ్ షాహీల దర్బారు భాష పార్శీ. అయితే వాళ్ల ఫర్మానాలు పార్శీలోనూ తెలుగులోనూ రెండింటా రాసినవి ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్ షాని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు.

ఆ రాజ్యం మన శ్రీకాకుళం దాకా వచ్చింది. ఇక్కడ వాళ్ల ఫౌజ్‌దారు ఉండేవాడు. శ్రీకాకుళంలోని జామియా మసీదు గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ కాలంలో, 1640లలో కట్టింది. తర్వాత మొగలులు, నిజాములు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు చేతులు మారినా మన సీమ పేరు 'చికాకోల్ సర్కారు'గానే నడిచింది. ఉత్తర సర్కారుల్లో అది ఒకటి.

కొందరు ఇది మతం సంగతి చేస్తారు. పార్శీ ఒక భాష, ఒక దేశపు పనితనం. అది ఇస్లాం కన్నా పాతది. పైగా గోడ కట్టినోడి కులం మతం ఇటుకకి తెలీదు. శ్రీముఖలింగంలో కళింగ గుడి, శాలిహుండంలో బౌద్ధ స్తూపం, శ్రీకాకుళంలో మసీదు, మూడూ ఒక జిల్లాలోనే ఉన్నాయి. మూడింటి రాళ్లూ పనోళ్లే మోసినారు.

హైదరాబాదుని ఎలగ చదవాలి

మన కుర్రాళ్లు పనికెళ్లే హైదరాబాదు 1591లో మొదలైంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. ప్లాను వెనక ఉన్నది అతని పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ. అస్తరాబాద్ అంటే ఇరాన్ ఉత్తరాన ఉన్న ఇప్పటి గుర్గాన్ ఊరు.

ప్లాను చూడండి. నాలుగు దారులు కలిసే చోట చార్మినారు. పార్శీలో చహార్ అంటే నాలుగు. నాలుగు ముఖాలకి నాలుగు కమానులు, నాలుగు మూలల నాలుగు మినార్లు. కొంచెం ఉత్తరానికి నడిస్తే గుల్జార్ హౌజ్ అనే నీళ్ల తొట్టె, దాని చుట్టూ చార్ కమాన్, అంటే నాలుగు పెద్ద కమానులు. మధ్యలో నీళ్లు, నాలుగు వైపులా దారులు: ఇరాన్ తోటల్లో ఉండే 'చహార్ బాగ్' ఆలోచన ఇది. తోట ప్లానుని ఊరికి పరిచినారు.

హైదరాబాదు ఇస్ఫహాన్ నగరానికి నకలు అని చాలా చోట్ల చదువుతాం. తేదీలు పక్కపక్కన పెడదాం. షా అబ్బాస్ ఇస్ఫహాన్‌ని రాజధాని చేసుకున్నది 1598లో. 560 మీటర్ల పొడుగు, 160 మీటర్ల వెడల్పు ఉన్న అక్కడి పేరుమోసిన నక్షే జహాన్ మైదానం కట్టడం ఆ తర్వాత సంగతి. అంటే అప్పటికే మన చార్మినారు నిలబడి ఉన్నాది. తర్వాత కట్టినదాన్ని చూసి ముందే కట్టడం ఎవరి తరమూ కాదు. ఆలోచనలు ఇరాన్‌వి అవ్వొచ్చు. రాయి దక్కనుది, సున్నం దక్కనుది, చేతులు దక్కనువి. వింటే బాగుందని నమ్మీకుండా తేదీ అడగడం కూడా చదువులో భాగమే.

నగర జీవనం అంటే రాజుగారి మేడ ఒక్కటే కాదు. ఇస్ఫహాన్ బజారులో రాగి కొట్టేవాళ్లకి ఒక వరస, బట్ట అద్దేవాళ్లకి ఒక వరస. హైదరాబాదులో లాడ్ బజారుకి వెళ్తే ఇప్పటికీ లక్క గాజులవాళ్లు ఒక వీధిలో ఉంటారు. ఎవరి సరుకు ఎక్కడ అమ్ముడవుతాది, నీళ్లు ఎవరికి ముందు అందుతాయి, పనోళ్లు ఎక్కడ పడుకుంటారు? ఈ ప్రశ్నలు వేస్తే ఏ నగరమైనా నిజం చెప్తాది. రేకుల షెడ్డులో పడుకుని గేటెడ్ కమ్యూనిటీ కట్టే మన కుర్రాడికి ఈ పాఠంలో చివరి ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు.

కలం ఒకటే, చేతులు వేరు

కలంకారీ అన్న మాట కూడా పార్శీయే. కలం, కారీ, అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, బందరు పక్క పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. కుతుబ్ షాహీల కాలంలో బందరు నుంచి ఈ బట్ట ఇరాన్‌కి ఓడల్లో వెళ్లేది. వాళ్ల కంటికి నచ్చే తీగలూ పువ్వులూ మన అద్దకంలో చేరినాయి. ఇస్ఫహాన్‌లో ఇవాళ్టికీ అచ్చులతో అద్దే బట్టని కలంకార్ అనే పిలుస్తారు. రాగి, ఇత్తడి మీద చెక్కే పనిని కలంజనీ అంటారు.

ఇస్ఫహాన్ రాగి పనోణ్ని చూడ్డానికి జనం విమానాలెక్కి వెళ్తన్నారు. మన జిల్లాలో బుడితి ఉన్నాది. అక్కడి కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నాది. ఇక్కడి కుర్రాళ్లలో ఎంతమంది ఆ కొలిమి దగ్గరికి వెళ్లి చూసినారు? పొందూరు ఉన్నాది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ ఎముక పళ్లు అంత సన్నంగా, అంత దగ్గరగా ఉంటాయి. ఆ పత్తిని ఏకులు చేసి, చేతి రాట్నం మీద ఆడోళ్లు వంద కౌంటు నూలు తీస్తారు. మిషను లేకుండా ఆ సన్నదనం తీయడం ఎంత కష్టమో బట్టల ఇంజనీరుని అడగండి. విజయనగరం వైపు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానుతో వీణ తొలుస్తారు. దానికీ భౌగోళిక గుర్తింపు ఉన్నాది.

ఈ పనులు చేసేవాళ్లని 'చదువు లేనోళ్లు' అని లెక్కలో రాస్తారు. అదే పనిని దూరం నుంచి చూసి వ్యాసం రాసినోడికి డిగ్రీ ఇస్తారు. నా గొడవ ఇక్కడే ఉన్నాది.

ఉప్పుగాలి, సిమెంటు, సున్నం

చేతిపని చదువు మనకి ఎందుకు పనికొస్తాదో నౌపడ నుంచే ఒక ఉదాహరణ చెప్తాను. మన ఊరు ఉప్పుమళ్ల ఊరు. గాలిలోనే ఉప్పు. ఇక్కడ స్లాబు ఇల్లు కట్టిన కొన్నేళ్లకే కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన రాడ్లు బయటికి కనపడతాయి. ఎందుకేటంటే ఉప్పు, తేమ సిమెంటులోని సన్న రంధ్రాల గుండా రాడ్డుదాకా వెళ్తాయి. ఇనుము తుప్పు పడితే అది రెండింతలకి పైగా ఉబ్బుతాది. ఉబ్బిన తుప్పు లోపలి నుంచి సిమెంటుని పగలగొడతాది. రాడ్డు మీద తగినంత మందం సిమెంటు కవరింగు ఇవ్వకపోయినా, కలిపిన ఇసకలో, నీళ్లలో ఉప్పున్నా ఈ పని ఇంకా బేగా జరుగుతాది. సెంట్రింగు చేసే తమ్ముడికి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, తన సొంతిల్లు పదేళ్లు ఎక్కువ నిలబడతాది.

ఇప్పుడు గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధులకి వెళ్దాం. 2013 నుంచి పదేళ్లకి పైగా అక్కడ మరమ్మతు జరిగింది. ఆగాఖాన్ ట్రస్టు, తెలంగాణ ప్రభుత్వం కలిసి 2024లో ఆ పని ముగించాయి. అక్కడ పనోళ్లు చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటుని పీకేసి, మళ్లీ సున్నం పెట్టడం. సిమెంటు గట్టిది గానీ పాత రాతిగోడ ఊపిరి మూసేస్తాది. లోపలి తేమ బయటికి రాలేదు. ఆ తేమతో పాటు ఉప్పు రాతిలో గడ్డకట్టి, పొరలు పొరలుగా రాయిని ఊడదీస్తాది. సున్నం అలగ కాదు. తేమని పీల్చి వదిలేస్తాది.

సున్నం కథ చిత్రమైనది. సున్నపురాయి గానీ, సముద్రపు గుల్ల గానీ కాలిస్తే సున్నం. దాన్ని నీళ్లలో చల్లార్చి, ఇసక కలిపి, గానుగలో తిప్పితే గానుగ సున్నం. గోడకి పూసినాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతాది. పాతోళ్లు అందులో బెల్లం నీళ్లు, మారేడు పండు గుజ్జు లాంటివి కలిపేవాళ్లు. గుల్ల సున్నం మన తీరానికి కొత్త కాదు. ఆ పని వచ్చినోళ్లు మన పెద్దల్లో ఇంకా ఉన్నారు. పాత కట్టడాల మరమ్మతుకి అలాంటి చేతులు కావాలి. కాంక్రీటు పనికి మనుషులు దొరుకుతారు గానీ సున్నం పనికి దొరకడం కష్టం. అందుకే దాన్ని కళ అని వదిలెయ్యకండి, అది ఒక బతుకుతెరువు.

ఈ వేసవిలో ఏటి చెయ్యొచ్చు

హైదరాబాదు పనికెళ్లినోళ్లు ఒక్క ఆదివారం ఖాళీ పెట్టుకోండి. చార్మినారు నుంచి గుల్జార్ హౌజ్ దాకా నడిచి నాలుగు కమానుల మధ్యలో నిలబడి, నాలుగు దారులూ కాగితం మీద గీయండి. ఇంకో ఆదివారం కుతుబ్ షాహీ సమాధులు. సాలార్‌జంగ్ మ్యూజియంలో పర్షియన్ తివాచీలున్నాయి. చూడాలంటే శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

ఊళ్లో ఉన్నోళ్లు, ముఖ్యంగా చెల్లెళ్లు, పొందూరో బుడితో ఒక రోజు వెళ్లండి. పనిముట్ల పేర్లు అడిగి రాసుకోండి. ఆ పేర్లు పెద్ద నిఘంటువుల్లో కూడా దొరకవు. పనివాణ్ని వీడియో తీసేముందు అడగండి, రోజుకి ఎంత గిడుతోందో కూడా అడగండి. ఫోనులో డేటా ఉన్నోళ్లకి ఆర్క్‌నెట్‌లో పాత కట్టడాల ఫొటోలు, ప్లానులు ఉచితంగా ఉన్నాయి. స్వయం పోర్టల్లో మన దేశపు ప్రొఫెసర్ల పాఠాలూ ఉచితమే.

ఇంటరు లెక్కలు, ఫిజిక్సుతో చదివినోళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిదేళ్లు. దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష ఉన్నాది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కి అయితే జేఈఈ మెయిన్ రెండో పేపరు రాయాలి. మన కాలేజీల్లో ఈఏపీసెట్ తప్ప ఇంకో దారి ఉందని చెప్పేవాళ్లు తక్కువ. సైటు మీద రెండు వేసవులు పనిచేసిన కుర్రాడికి గోడ సంగతి క్లాసులో అందరికన్నా ముందే తెలిసి ఉంటాది.

ఇక సర్కారుని అడగాల్సినవి. 2023 సెప్టెంబరులో కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం పెట్టింది. 18 చేతివృత్తులకి శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లకి 15,000 రూపాయలు. తాపీ పని, వల అల్లకం, కొబ్బరి పీచు పని అందులో ఉన్నాయి. కంచు పని పేరు లేదు. తాపీ పనోడికి ఇచ్చే శిక్షణలో సున్నం పని చేర్చాలని, బుడితి కంచుని జాబితాలోకి తేవాలని మనం అడగాలి. టెక్కలి, శ్రీకాకుళం డిగ్రీ కాలేజీల్లో వేసవిలో నెల రోజుల కోర్సు పెట్టమనాలి. పాఠం చెప్పేది పొందూరు అమ్మ, బుడితి కంచరి, ఊరి తాపీ మేస్త్రి అయి ఉండాలి. వాళ్లకి లెక్చరర్‌కి ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాలి. నేర్చుకునే పిల్లలకి ఆ నెల కూలి పోకుండా భత్యం ఇవ్వాలి. భత్యం లేకుండా కోర్సు పెడితే మళ్లీ ఉన్నోళ్ల పిల్లలే వస్తారు, మనోళ్లు రైలెక్కేస్తారు.

కోర్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ ఊళ్లో గానుగ సున్నం కలిపిన పెద్దాయన ఎవరైనా ఉన్నారేమో ఈ వారం కనుక్కోండి. ఇసక పాళ్లు ఎంత, ఎన్ని రోజులు నానబెట్టాలి, ఏటేటి కలిపేవాళ్లు అని అడిగి ఫోనులో రికార్డు చెయ్యండి. ఆయన ఓపికగా ఉన్నప్పుడే అడగండి.